పదిహేడు చిల్లుల దుప్పటి

వీధిలో అందరికీ ఆమె సూదక్క. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ, బిల్లు మీద పేరు చదివేదెవరు?

ఆమెది రఫ్ఫు పని. రఫ్ఫంటే అతుకు వేయడం అనుకునేరు. అతుకు వేసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. సూదక్క చేసేది వేరు. చిరిగిన బట్టలోంచే, ఏ మడతలోనో ఏ అంచులోనో ఎవరికీ అక్కర్లేకుండా పడున్న పోగులు నాలుగు లాగుతుంది. ఆ పోగుల్ని సూదికెక్కించి, నేత ఎలా నడిచిందో అలాగే ఒకదాని మీదుగా ఒకదాని కిందుగా నడిపించి, చిల్లున్న చోట మళ్ళీ బట్ట నేసేస్తుంది. అయ్యాక ఆవిరి ఇస్త్రీ పట్టి ఇస్తే, బట్ట తెచ్చినవాళ్ళే తెల్లమొహం వేస్తారు. "చిల్లేదమ్మా?" అంటారు. "ఏ చిల్లు?" అంటుంది సూదక్క. అలా అనడంలో ఆమెకున్న సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ విద్య ఆమెకి ఉన్ని మిల్లులో అబ్బింది. పదహారో ఏట చేరింది. మగ్గం దిగిన బట్టని వాలుబల్ల మీద పరిచి, వెనక దీపం పెట్టి, పోగు తెగిన చోటల్లా వెతికి సరిచేసే పని. ఆ బల్ల దగ్గర ఒక మేస్త్రమ్మ ఉండేది. మాట కరుకు, చెయ్యి మెత్తన. నేతవాళ్ళు తప్పు కనపడిన చోట ఒక చీటీ గుచ్చి పంపేవారు, ఇక్కడొకటి ఉంది చూడండి అని. మేస్త్రమ్మ ఆ చీటీ చదవనిచ్చేది కాదు. పీకి జేబులో కుక్కేసేది. "వాడికి ఒకటి కనపడింది, రాశాడు. కనపడనివి రాయగలడా? నీ కళ్ళతో నువ్వు వెతుక్కో. చిల్లుతో బట్ట నా బల్ల దిగిందో, నువ్వు కూడా దిగిపోవాల్సిందే" అనేది. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడి, మిల్లు మూతపడ్డాక సూదక్క ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. మేస్త్రమ్మ మాటను మాత్రం మిల్లులో వదిలేసి రాలేదు. ఏ బట్ట వచ్చినా ముందు చీటీ పీకేయడం, తర్వాత ఆ చివర నుంచి ఈ చివర దాకా వెలుతురుకి ఎత్తి చూడడం, కనపడిన చిల్లుకల్లా ఒక గుండుసూది గుచ్చడం. ఒక చిల్లని తెచ్చిన కోటులో ఐదు బయటపడిన రోజులున్నాయి. తెచ్చినవాళ్ళు చేతులు పట్టుకుని దండాలు పెట్టిన రోజులూ ఉన్నాయి.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పొద్దస్తమానం పేపరు చదువుతూ, భార్య పని మీద ఉచిత సలహాలు ఇస్తూ ఉంటాడు. ఇద్దరికీ పిల్లల్లేరు. సూదక్క అన్న కూతురు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ మేనకోడలు చదువైపోయి రెండేళ్ళు ఉద్యోగాల వెంట తిరిగింది. ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి తిరిగి, చివరికి ఒక ఆర్ట్ గ్యాలరీలో చేరింది. ఆర్నెల్లు చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ ఆర్నెల్లూ ఈ నెలాఖరుతో అయిపోతాయి. ఇంట్లో ముగ్గురూ ఆ మాట పైకి అనరు గానీ, గోడ మీద క్యాలెండరు వంక రోజుకోసారి ముగ్గురూ చూస్తారు.

ఒక శనివారం పొద్దున ఆ పిల్ల ఇంత పెద్ద మూట చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"అత్తా, నీకో పని తెచ్చా. మా గ్యాలరీది. బండిలోంచి దింపేటప్పుడు మేకుకి తగిలి చిరిగింది. మేడమ్ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా అత్త ఉందిగా, భయపడకండి అని చెప్పా."

"ఏమిటది?"

"దుప్పటి."

"దుప్పటి చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని వస్తారా?"

"వస్తారులే. శుక్రవారం పదకొండింటికి ప్రారంభం. బుధవారానికి ఇచ్చెయ్యాలి. నా పరువు నీ చేతిలో ఉంది."

"పరువేనా?"

"ఉద్యోగం కూడా" అంది మేనకోడలు. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఈలోగా ఫోను మోగింది, వచ్చిన కాలి మీదే పరుగెత్తింది.

సూదక్క మూట విప్పింది. పాతకాలపు ఉన్ని దుప్పటి. బూడిదరంగు మీద సన్నటి ఎర్ర చారలు. చేత్తో నేసినది. ఎంతమంది కప్పుకున్నారో, ఎంతమంది పిల్లలు ఈడ్చుకెళ్ళారో, మెత్తబడి చెవితమ్మెలా ఉంది. ఒక మూల జానెడు చిరుగు. దాని పక్కన పిన్నుతో గుచ్చిన చీటీ. అలవాటు చొప్పున పీకేసింది. భర్త పేపరు పక్కన పెట్టి ఆ చీటీ తీసి చూశాడు.

"'ఈ ఒక్కటే' అని రాసుందే."

"అందరూ అలాగే రాస్తారండీ. ఒక్కటే కనపడుతుంది మరి వాళ్ళకి."

"కింద గీత కూడా గీశారు."

"గీత గీస్తే మిగతావి పూడిపోతాయా?" అని దుప్పటి కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. చూస్తే ఏముంది, జల్లెడ! గుండుసూదులు గుచ్చుకుంటూ పోయింది. చిరుగుతో కలిపి పద్దెనిమిది.

"అయ్యో రామా, ఇన్ని పెట్టుకుని ఒకటే బాగుచేయమంటారా" అని ఆ మేడమ్ మీద జాలిపడింది. వాళ్ళకి చూడడం రాదు, పాపం.

శని, ఆది, సోమ, మంగళ. నాలుగు రోజులు సూదక్క కుర్చీలోంచి లేచింది తక్కువ. దుప్పటి అంచు మడతలోంచే పోగులు లాగింది. పురుగు కొట్టిన చిల్లులు చిన్నవి, సులువుగా వచ్చాయి. కత్తెర గాటొకటి చాలా ఇబ్బంది పెట్టింది. ఒకటి కాలిన చిల్లు. దాని చుట్టూ నల్లగా, గట్టిగా, ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఆ ఒక్కదానికే అంచు శుభ్రంగా కత్తిరించి మొదలుపెట్టింది. చివరికి ఆవిరి పట్టి వెలుతురుకి ఎత్తి చూసింది. ఒక్క చుక్క వెలుగు కూడా దూరలేదు. మేస్త్రమ్మ చూసి ఉంటే ఏమనేదో అనుకుంది. ఏమీ అనేది కాదు. అదే ఆవిడ మెచ్చుకోలు.

బుధవారం మూట గ్యాలరీ చేరింది. గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫోను.

"అత్తా, నువ్వొకసారి రా."

"ఏమైందే?"

"రా."

ఆ పిల్ల గొంతు సన్నగా ఉంది. సూదక్క మాత్రం మరోలా అనుకుంది. పని చూసి ముచ్చటపడి ఉంటారు, చేసినావిడ ఎవరో చూస్తామని ఉంటారు. కాస్త మంచి బట్టలు కట్టుకుంది. సూదుల పెట్టె, భూతద్దం సంచిలో వేసుకుంది, చూపించమంటే చూపించొచ్చని. "సన్మానమేమో, శాలువా కప్పితే చిల్లులున్నాయేమో చూసుకో" అన్నాడు భర్త.

గ్యాలరీలో గది నడుమ ఒక చెక్క చట్రం నిలబెట్టి ఉంది. దానికి దుప్పటి బిగించి ఉంది. వెనకాల కళ్ళు చెదిరే దీపం. ముందు పైన కెమెరా. ఎదురుగా తెల్లటి గోడ. గోడ మీద ఏమీ లేదు. చట్రం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. మేనకోడలు, గ్యాలరీ మేనేజరమ్మ, మెళ్ళో మూడు తీగలు వేలాడేసుకున్న ఒక పొడుగాటాయన, ముప్పై అయిదేళ్ళ ఒకమ్మాయి. ఆ అమ్మాయి దుప్పటి మీద అరచెయ్యి ఆనించి, చీకట్లో స్విచ్చు వెతికేవాళ్ళలా తడుముతోంది. ఆ దుప్పటి ఆమెది, ఈ ప్రదర్శన ఆమెది. మేనకోడలు మేడమ్ అనేది ఆమెనే.

"నమస్తే అమ్మా. ఎలా ఉంది పని?" అంది సూదక్క నిండుగా నవ్వుతూ.

మేనకోడలి ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఆంటీ, చిల్లులేవి?" అంది మేడమ్.

"ఏ చిల్లులు?" అనేసింది సూదక్క, ఏళ్ళ తరబడి అలవాటు కదా. అన్నాక గానీ చూడలేదు, ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. సంతోషం నీళ్ళు కావవి.

అప్పుడు చెప్పారు. ఆ దుప్పటి మేడమ్ వాళ్ళింట్లో నాలుగు తరాలు కప్పుకున్నది. దానికి పదిహేడు చిల్లులు. ఏ చిల్లు ఎవరివల్ల పడిందో మేడమ్ ఇంట్లోవాళ్ళనీ చుట్టాలనీ ఒక్కొక్కరినే అడిగి, ఫోనులో వాళ్ళ గొంతులు రికార్డు చేసుకుంది. పాత ఫోటోలు పోగుచేసింది. దీపం వెనక నుంచి వెలిగితే చిల్లుల్లోంచి పదిహేడు వెలుగులు పడతాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక చిల్లులో వేలు పెడితే ఆ వెలుగు ఆరుతుంది. కెమెరా అది చూసి కంప్యూటరుకి చెబుతుంది. గోడ మీద ఆ మనిషి ఫోటో వస్తుంది, గొంతు వినపడుతుంది. దుప్పటిలో సగం, కంప్యూటరులో సగం, రెండూ చిల్లు దగ్గర కలుసుకుంటాయి. ఆ చిల్లులే ఇప్పుడు లేవు.

సూదక్క పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఒక్కటే అని చీటీ గుచ్చి పంపామండీ" అన్నాడు పొడుగాటాయన. కంప్యూటరు పనంతా ఆయనదే.

"చూశాను బాబూ" అంది సూదక్క.

మేనేజరమ్మ మేనకోడలి వైపు తిరిగింది. "ఈవిడకి ఇవ్వమని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పానండీ."

"వివరంగా చెప్పి ఇచ్చారా?"

"తొందరలో..." అని ఆ పిల్ల ఆగిపోయింది.

మేనేజరమ్మ గడియారం చూసుకుంది. "రేపు పదకొండింటికి జనం వస్తారు. సాయంత్రం లోపు ఇది వెలిగితే వెలిగినట్టు. లేకపోతే ఏం చెయ్యాలో, ఎవరిని అడగాలో అప్పుడు చూద్దాం" అని వెళ్ళిపోయింది. ఎవరిని అడగాలో అన్నప్పుడు ఆవిడ ఎవరి వైపు చూసిందో సూదక్కకి తెలిసింది.

లేచి దుప్పటి దగ్గరికి వెళ్ళింది. "ఏడుపెందుకమ్మాయ్, వేసిన చెయ్యి విప్పలేదా? చిల్లుల అంచులు నేను కత్తిరించను. పాత పోగులన్నీ అలాగే లోపల పడుకుని ఉంటాయి. నా దారం లాగేస్తే నీ చిల్లు నీకొస్తుంది."

"అయితే విప్పండి ఆంటీ!"

భూతద్దం తీసింది. చూసింది. దగ్గరికి జరిగి చూసింది. వెనక్కి వెళ్ళి, వెనక నుంచి చూసింది. వేలు పెట్టి రాసింది. దీపం ఆర్పించి చూసింది, వెలిగించి చూసింది. కత్తెర గాటు దొరికింది, దాని దగ్గర చెయ్యి కాస్త బరువుగా నడిచింది కనక. మూలనున్నవి మూడు దొరికాయి. తర్వాత గంట గడిచినా ఐదోది దొరకలేదు.

"ఎక్కడున్నాయో మీకు తెలీదా అత్తా? నువ్వేగా చేసింది!" అంది మేనకోడలు. భయంలో ఒక మాటలోనే మీరూ నువ్వూ కూడా వచ్చేశాయి.

"తెలిసేలా చేస్తే నన్నెవరు పిలుస్తారే?" అంది సూదక్క. గర్వంగా అనాల్సిన మాట. ఏడుపు గొంతుతో వచ్చింది. జీవితంలో మొదటిసారి, ఈ పని ఇంత బాగా వచ్చి ఉండకపోతే ఎంత బాగుండేది అనిపించింది ఆమెకి.

పొడుగాటాయన ఇంతసేపూ తన తీగల మధ్య కూర్చుని ఏదో గొణుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు.

"చిల్లులు నా దగ్గరున్నాయండీ."

"ఏమిటీ?"

"దుప్పటిని రెండు రోజులు కూర్చుని ఫోటో తీశాం. పోగు పోగూ కనపడుతుంది. చిల్లులన్నీ అందులో ఉన్నాయి. ఆ బొమ్మని ఈ దుప్పటి మీద వేస్తే?"

గోడ మీద బొమ్మ వేసేదాని పక్కనున్న రెండో ప్రొజెక్టరుని దుప్పటి వైపు తిప్పాడు. దుప్పటి మీద దుప్పటి బొమ్మ పడింది. బూడిదరంగు మీద బూడిదరంగు, చారల మీద చారలు. ఆ బొమ్మలో పదిహేడు చిల్లులూ ఉన్నాయి, నల్లగా, ఉన్న చోట ఉన్నట్టు. మేనకోడలు చప్పట్లు కొట్టబోయి, అత్త ముఖం చూసి ఆగింది. సూదక్క ఎర్ర చారలు చూస్తోంది. బొమ్మలో చారకీ దుప్పటిలో చారకీ రెండు వేళ్ళ ఎడం ఉంది.

"ఆవిరి పట్టాను కదా. దగ్గరికి లాక్కుంది" అంది.

"బొమ్మని సాగదీస్తానుండండి" అని ఆయన మీటలు నొక్కాడు. ఆ మూల కుదిరితే ఈ మూల పోతోంది. ఈ మూల లాగితే నడుమ ఉబ్బుతోంది. అరగంట కుస్తీ పట్టాడు. సూదక్కకి ఓపిక చాల్లేదు.

"బాబూ, నీ బొమ్మ జోలికి పోకు. అది ఉన్నచోటే ఉండనీ. బట్టని తీసుకొచ్చి బొమ్మకి అప్పజెబుదాం. లాగితే వచ్చేది బట్ట. నీళ్ళు చల్లే సీసా ఉందా ఇక్కడ?"

ఉంది. మొక్కలది. దుప్పటిని చట్రంలోంచి తీయించి, సన్నగా తడి చల్లి, మళ్ళీ ఎక్కించింది. ఈసారి మేకులు కాదు, అంగుళానికొక గుండుసూది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలి? చారలు పొడుగుకి దారి చూపిస్తాయి, అడ్డానికి చూపించవు. అప్పుడు ఆమె కంటికి పడింది. నడుమకి కాస్త కిందుగా ఒకచోట రెండు పోగులు జంటగా నడిచాయి. ఎప్పుడో నేసినవాడు పరధ్యానంలో చేసిన తప్పు. మిల్లులో అయితే మేస్త్రమ్మ దాన్ని విడదీయించేది. నాలుగు రోజుల క్రితం సూదక్కకి కూడా చెయ్యి దురదపెట్టింది గానీ, చిల్లు కాదు కదా అని వదిలేసింది. బొమ్మలో వెతికితే అక్కడా ఉంది ఆ జంట.

"ఇదిగో, దీన్ని దాని మీద పెట్టు. పిల్లా, నువ్వు ఆ పక్క పట్టుకో. అమ్మాయ్, నువ్వీ మూల. గట్టిగా లాగకండి, మేకపిల్లని కాదు మీరు పట్టుకుంది. నెమ్మదిగా."

ముగ్గురూ కలిసి లాగారు. జంట పోగు మీద జంట పోగు కూర్చుంది. అక్కణ్ణించి చారలు ఒక్కొక్కటే తమ చోటికి జరిగాయి. దుప్పటి మీద నల్లమచ్చలు నిలబడ్డాయి. దొరకని పదమూడూ, దొరికిన నాలుగూ, మొత్తం పదిహేడు. మేకుకి చిరిగిన మూలన మాత్రం ఏ మచ్చా లేదు. అది ఆ ఫోటో తీశాక చిరిగింది. దాన్ని విప్పనక్కర్లేదు.

సూదక్క సూది తిరగేసి పట్టుకుంది. మొన ఉన్న వైపు కాదు, దారం ఎక్కించే వైపు. మొదటి మచ్చ కింద తన దారం చివర వెతికి, లేపి, లాగింది. పోగు పోగుగా ఊడి వచ్చింది. పాత ఉన్ని పోగులు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే బయటపడ్డాయి. గుండీ అంత వెలుగు ఆమె చీరకొంగు మీద పడింది. వేలు పెట్టి అంచు సర్దింది.

గోడ మీద ఒక బట్టతలాయన ప్రత్యక్షమయ్యాడు. "అది నా పనే. నన్ను లేపొద్దన్నానా? లేపారు. పళ్ళతో పట్టుకున్నా, వాళ్ళు అట్నించి లాగారు. పన్ను కూడా ఊడింది. పన్ను సంగతి ఎవరూ అడగరు!"

సూదక్క ఉలిక్కిపడి సూది జారవిడిచింది. మేడమ్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "మా పెద్దమామయ్య."

ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ఒక చిల్లు విప్పడం, వేలు పెట్టడం, వినడం. అసలే సూదక్క ఇరుగుపొరుగు కబుర్లంటే చెవి కోసుకుంటుంది. ఇక్కడ గోడే పిలిచి చెబుతుంటే వదులుతుందా! ఒక పిన్ని బొమ్మకి గౌను కుట్టాలని దుప్పటి కత్తిరించింది, గౌను కుదరక మళ్ళీ దుప్పటికే పిన్ను పెట్టింది. ఒక చుట్టం పెళ్ళిచూపుల్లో కంగారుపడి దుప్పటిని పెన్నుతో పొడుస్తూ కూర్చున్నాడు. "సంబంధం కుదరలేదు, చిల్లు మిగిలింది" అన్నాడు. "ఏం, పిల్ల వద్దందా?" అని గోడని అడిగింది సూదక్క. గోడ సమాధానం చెప్పలేదు. మేడమ్ చెప్పింది, "పిల్లాడే వద్దన్నాడు ఆంటీ. తర్వాత ఆవిణ్ణే చేసుకున్నాడు, ఆరేళ్ళకి."

మధ్యాహ్నం తినడానికి లేవమంటే లేవలేదు. మూడున్నరకి పదహారు వెలుగులు పడుతున్నాయి గదిలో. పదిహేడోది కాలిన చిల్లు. దాని దారం లాగుతూనే సూదక్కకి గుర్తొచ్చింది. అంచు కత్తిరించింది దీనికొక్కదానికే.

వెలుగు పడింది. గుండ్రంగా, శుభ్రంగా. మేడమ్ వచ్చి వేలు పెట్టింది. గోడ మీద ఒక ముసలావిడ.

"చుట్టూ నల్లగా ఉంది చూశావా? ముట్టుకో. గరగరలాడుతుంది కదూ? ఇస్త్రీపెట్టె పెట్టి, వీధిలో ఏదో పోట్లాట జరుగుతుంటే చూడ్డానికెళ్ళా. పోట్లాట మహ బాగుంది. అందుకే అంత కాలింది."

మేడమ్ వేలు అంచు చుట్టూ తిరిగింది. నలుపు లేదు. గరగర లేదు. "మా బామ్మ. పోయినేడు పోయింది" అంది మెల్లగా.

మేనకోడలు నేల వైపు చూస్తూ నిలబడింది. సూదక్క స్టూలు మీద నిటారుగా కూర్చుంది.

"ఆ నలుపు నేనే కత్తిరించానమ్మా. చెత్తలో పోయింది, తేలేను. కాలిన పోగు దారాన్ని పట్టదు, పొడైపోతుంది. మిగతా పదహారింటికీ నా తప్పు విప్పగలిగాను, దీనికి విప్పలేను. ఈ పిల్ల తప్పు ఏమీ లేదు. చీటీలో ఒక్కటే అని ఉంది, గీత కూడా గీసుంది. మా ఆయన చదివి వినిపించాడు కూడా. నేను వినలేదు. చిల్లు కనపడితే పూడ్చకుండా ఉండలేను. మిల్లులో మా మేస్త్రమ్మ చేతికింద అలా పెరిగాను. తప్పు నాదే."

మేడమ్ చిల్లులోంచి వేలు లాగేసి, జేబులోంచి ఫోను తీసింది. మేనేజరమ్మకి చేస్తోందనుకుంది సూదక్క. ఆ అమ్మాయి ఫోను తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టింది.

"ఆంటీ, ఇప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పండి."

"ఎందుకు?"

"ఈ దుప్పటిని పాడు చేసినవాళ్ళందరి గొంతులూ ఉన్నాయి ఇందులో. అందరూ పాడుచేసే పాడుచేశారు. మీరొక్కరే బాగుచేసి పాడుచేశారు. మీ గొంతు లేకపోతే ఎలా?"

"నేను మీ ఇంటి మనిషిని కాదుగా!"

"చిల్లు మీద చెయ్యి పడిందిగా. చాలు." ఆ అమ్మాయి నవ్వుతోంది. ఏడుపు మొహంతోనే. "మా బామ్మ ఉంటే మిమ్మల్ని వదిలేది కాదు. ఆ మిల్లు సంగతులన్నీ కూర్చోబెట్టి లాగేది. చెప్పండి, ఆ మేస్త్రమ్మతో మొదలుపెట్టండి."

సూదక్క చెప్పింది. మొదట తడబడింది, తర్వాత ఆపడం వాళ్ళ వల్ల కాలేదు. పొడుగాటాయన బామ్మ మాట వెనకాల ఆ మాటల్ని అతికించాడు. ఐదింటికి మేనేజరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పదిహేడు వెలుగులు లెక్కపెట్టింది. దగ్గరకొచ్చి ఒక చిల్లులో వేలు పెట్టి, పెద్దమామయ్య పన్ను గురించి విని, నోరు మూసుకుని నవ్వింది. మేనకోడలి భుజం మీద తట్టి, "రేపు తొమ్మిదికల్లా వచ్చెయ్యండి, పనుంది" అంది. అంతే. మేనకోడలు గోడకి ఆనుకుని, జారి, నేల మీద కూర్చుండిపోయింది.

"లేవే, బట్టలు మాసిపోతాయి" అంది సూదక్క. ఆమె కూడా పక్కన కూర్చుంది, మంచి బట్టల్తోనే.

శుక్రవారం జనం బాగానే వచ్చారు. సూదక్క భర్త కూడా వచ్చాడు. కాలిన చిల్లు దగ్గర వేలు పెట్టి, భార్య గొంతు "తప్పు నాదే" అనేదాకా విన్నాడు. వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డాడు. నాలుగోసారి నిలబడుతుంటే సూదక్క చూసింది.

"ఏమండీ, చెవుడొచ్చిందా?"

"ముప్పై నాలుగేళ్ళలో ఇది మొదటిసారి. కాస్త నింపుకోనీ."

"ఇంటికి రండి, చెబుతా."

"ఇంట్లో చెప్పవుగా, అందుకే ఇక్కడ వింటున్నా."

వరసలో వెనకనున్నవాళ్ళు పకపకా నవ్వారు.

పది రోజులు గడిచేసరికి ఒక కొత్త చిక్కొచ్చింది. ఇన్ని వేళ్ళు దూరుతుంటే చిల్లులు పెద్దవవుతున్నాయి. పెద్దమామయ్య పన్ను చిల్లు బొటనవేలు పట్టేంత అయింది. ఇలాగే వదిలేస్తే నెలకి అన్నీ కలిసిపోయి దుప్పటి వల అవుతుంది. మేడమే ఫోను చేసింది. "ఆంటీ, మూసెయ్యకుండా ఆపడం వచ్చా మీకు?"

సూదక్క ఆ మాట మీద ఒక పూటంతా ఆలోచించింది. ఎవరూ ఎప్పుడూ అడగని పని. రఫ్ఫు చేసే చెయ్యి చిల్లు నడుమకి పోవాలని చూస్తుంది, నదికి అడ్డంపడి ఆ ఒడ్డు చేరాలని చూసినట్టు. ఒడ్డున నిలబడడం దానికి అలవాటు లేదు.

సోమవారం గ్యాలరీకి సెలవు. మేనకోడలు తాళం తీసింది. ఆ తాళం ఇప్పుడు ఆ పిల్ల దగ్గరే ఉంటుంది. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది, మేనేజరమ్మ ఒక కాయితం మీద సంతకం చేయించుకుంది. క్యాలెండరు వంక ఇంట్లో ఎవరూ చూడడం లేదు. పొడుగాటాయన బొమ్మ వేశాడు. చిల్లు అసలు ఎంత ఉండేదో దుప్పటి మీద నల్లగా నిలబడింది. దాని చుట్టూ జనం సాగదీసిన మేరంతా తెల్లగా కనపడింది.

సూదక్క దుప్పటి అంచులోంచి ఒక పోగు లాగి సూదికెక్కించింది. తెల్లటి చోట నేసుకుంటూ లోపలికి వచ్చింది. ఒక పోగు, ఇంకో పోగు. నల్లటి గీత దగ్గర పడింది.

"అత్తా, ఆగు" అంది మేనకోడలు.

"చూస్తున్నానులే."

"ఆగు ఆగు, ఇక చాలు."

"నువ్వు నా మేస్త్రమ్మవా ఏమిటే?" అంటూనే సూది వెనక్కి తిప్పింది. గీత మీద, అటూ ఇటూ కాకుండా, ముడి వేసింది. దారం తెంపింది. చిల్లు చిల్లుగానే ఉంది. వెలుగు దానికెంత రావాలో అంతే వస్తోంది. సూదక్క దాని వంక కాసేపు చూసింది. చెయ్యి దురదపెట్టలేదు. పక్క చిల్లుకి జరిగింది.